పదకొండు గంటల ఎండ గురించి

తల్లిదండ్రులకు నమస్కారం.

సంక్రాంతి సెలవుల తర్వాత ఆరు నుంచి ఎనిమిది తరగతుల ఆటల పీరియడ్‌ను పొద్దున ఎనిమిది నుంచి పదకొండుకు మార్చాం. ఆ సాయంత్రం నుంచే వాట్సాప్ గ్రూపులు ఎండకంటే ఎక్కువ కాగుతున్నాయని తెలిసింది. మొదటి అభ్యంతరం, పిల్లలు నల్లబడతారని. రెండోది, డి విటమిన్ లేత ఎండలోనే కదా ఉండేది అని.

ఎండలో విటమిన్ ఏదీ ఉండదండి. ఎండలోని అతినీలలోహిత-బి కిరణాలు తగిలితే చర్మంలోనే అది తయారవుతుంది. కాలేయం, ఆ తర్వాత మూత్రపిండాలు దాన్ని పనికొచ్చే రూపంలోకి తెచ్చాకే పేగులు తిండిలోని కాల్షియాన్ని బాగా పీల్చుకుంటాయి. పొద్దు వాలుగా ఉన్నప్పుడు ఆ కిరణాలు గాలిపొరలో చాలా దూరం రావాలి. దారిలోనే ఓజోన్ వాటిని చాలావరకు మింగేస్తుంది. మన నీడ మనకంటే పొట్టిగా ఉన్నప్పటి ఎండే ఇందుకు పనికొస్తుంది.

ఈ మాట నా నోటితో చెప్పడంకంటే మా ఎనిమిదో తరగతి ‘బి’ సెక్షన్ పిల్లలు చేసింది చూడండి. గ్రౌండులో మీటరు కర్ర పాతి, దారానికి రాయి కట్టి నిలువు సరిచూసి, జనవరి 20న గంట గంటకూ నీడ కొలిచారు. ఎనిమిదింటికి దాదాపు నాలుగు మీటర్లు. తొమ్మిదికి రెండు. పదకొండుకు 94 సెంటీమీటర్లు. అన్నిటికంటే పొట్టి నీడ, 77, పన్నెండున్నర ప్రాంతంలో. పన్నెండుకే ఎందుకు రాలేదని అడిగి, జవాబు కూడా వాళ్లే వెతుక్కున్నారు. మన గడియారం కాకినాడ దగ్గరగా పోయే 82.5 డిగ్రీల రేఖాంశానిది, హైదరాబాద్ 78.5 దగ్గర ఉంది, అక్కడే పదహారు నిమిషాలు పోయాయి. మిగతాది భూమి వంపు, కక్ష్యల లెక్క. ఆ చార్టు ఆఫీసు గోడకు పెట్టించాను, ఫీజు కట్టడానికి వచ్చినప్పుడు ఒక్క నిమిషం ఆగండి. మార్చి నెలాఖరుకు తొమ్మిదిన్నరకే నీడ పొట్టిదవుతుంది కాబట్టి అప్పుడు పీరియడ్‌ను మళ్లీ ముందుకు జరుపుతాం. ఏప్రిల్ ఎండలో పదకొండింటికి పిల్లల్ని నిలబెట్టేంత తెలివితక్కువవాళ్లం కాము.

ఇక రంగు సంగతి. రాసినవాళ్లంతా ఆడపిల్లల తల్లిదండ్రులే, మగపిల్లల ఛాయ గురించి ఒక్కరూ బెంగపడలేదు. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ ఈ కిరణాలను అడ్డుకుంటుంది, అందుకే మన పిల్లలకు తెల్లతోలు వాళ్లకంటే ఎక్కువసేపు ఎండ కావాలి. వారానికి మూడు రోజులు, ఇరవై నిమిషాలు, మోచేతుల పైదాకా మడిచిన చొక్కా చేతులు. ముఖానికి సన్‌స్క్రీన్ రాస్తే రాయండి, చేతులను వదిలేయండి. కారులో ఎండ తగులుతోందిగా అన్నవారికి: అద్దం ఈ కిరణాలను ఆపేస్తుంది. చర్మాన్ని నల్లబరిచే అతినీలలోహిత-ఎ మాత్రం పక్క అద్దాల గుండా కొంత దాటి వస్తుంది. అంటే మీరు భయపడేదే లోపలికి వస్తోంది.

ఎండెందుకు, డి విటమిన్ పొడి సాషే ఇస్తున్నాం అని కొందరు గర్వంగా రాశారు. ఒక సాషేలో 60,000 యూనిట్లు. భారత వైద్య పరిశోధన మండలి 2020లో చెప్పిన రోజు అవసరం 600. అంటే ఒక్కటి వంద రోజుల సరుకు. డాక్టరు వారానికొకటి చొప్పున ఇన్ని వారాలు అని రాస్తారు. చీటీ పోయాక కూడా కొనసాగించేదీ, రోజూ పాలల్లో కలిపేదీ మనమే. ఇది కొవ్వులో నిలవ ఉండే విటమిన్. మితిమీరితే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, మలబద్ధకం, తీరని దాహం, చివరికి మూత్రపిండాలకు చేటు. ఎండవల్ల ఆ ప్రమాదం లేదు, ఎక్కువైనదాన్ని చర్మమే పనికిరాని పదార్థంగా మార్చేస్తుంది. రక్తపరీక్ష చేసిన ల్యాబు కాగితం మీద డి విటమిన్ 30కి తక్కువైతే ఎర్ర అక్షరాలు వస్తాయి, కానీ పిల్లల ఎముకలకు మిల్లీలీటరు రక్తంలో 20 నానోగ్రాములు దాటితే చాలు, 12కి తగ్గితేనే లోపం. 24 చూసి కంగారుపడి మందుల షాపుకు పరుగెత్తకండి. దొడ్డికాళ్లు, మణికట్టు దగ్గర ఉబ్బు కనిపిస్తే మాత్రం పిల్లల డాక్టరుకు చూపించండి.

కాల్షియం తినకపోతే డి విటమిన్‌కు పని ఉండదు. వంద గ్రాముల రాగుల్లో దాదాపు 350 మిల్లీగ్రాములు ఉంది. టిఫిన్ డబ్బాల్లో నాకు కనిపిస్తున్నది చిప్స్.

మూడో టర్ము ఫీజు పదో తారీఖు లోపు, సైన్స్ ఫెయిర్ శనివారం, నాలుగో రూటు బస్సు పది నిమిషాలు ముందు. ఆటల రోజు అర లీటరు నీళ్ల సీసా పంపండి. ఎండ పడని చర్మవ్యాధి ఉన్న పిల్లలకు డాక్టరు చీటీ పంపితే నీడలో ఆడిస్తాం. ‘నల్లబడుతుంది’ అని రాసిన చీటీ చెల్లదు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు