ఆ రాళ్లు కొట్టినవాళ్ల గురించి కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ ఆదివారం సంచికలో వాషింగ్టన్ యాత్ర మీద వచ్చిన వ్యాసం చదివాను. వైట్‌హౌస్, క్యాపిటల్ (అమెరికా పార్లమెంటు భవనం) ఎంత బాగుంటాయో పేజీ నిండా రాశారు, వాటిని కట్టినవాళ్ల గురించి ఒక్క ముక్క లేదు. మా నాన్న అనంతపురం నుంచి బెంగళూరు వచ్చి ముప్పై ఏళ్లు బేల్దారి పని చేశాడు, అందుకే నాకు బాధేసింది.

వైట్‌హౌస్‌కి 1792లో, క్యాపిటల్‌కి 1793లో పునాదిరాయి వేశారు. పనివాళ్లు చాలక, కట్టించే కమిషనర్లు చుట్టుపక్కల యజమానుల దగ్గర నల్లజాతి బానిసల్ని బాడుగకు తీసుకున్నారు. వర్జీనియాలో అక్వియా క్రీక్ దగ్గర ఇసుకరాయి కొట్టడం, దుంగలు కొయ్యడం, ఇటుకలు చెయ్యడం లాంటి మోటు పనులన్నీ వాళ్ల చేత చేయించారు (కూలికి వచ్చిన తెల్లవాళ్లు, స్వేచ్ఛగా ఉన్న నల్లవాళ్లు కూడా పనిచేశారు, అదీ చెప్పాలి). బాడుగ మాత్రం యజమానికి. 1795 నాటి వైట్‌హౌస్ వడ్రంగుల పట్టీలో టామ్, పీటర్, బెన్, హ్యారీ, డేనియల్ అని ఉంటుంది, ఇంటిపేర్లు లేవు. వాళ్లలో నలుగురు ఆ భవనం ప్లాన్ గీసిన జేమ్స్ హోబన్ సొంత బానిసలే.

క్యాపిటల్ పనిలో ఉన్న ఫిలిప్ రీడ్ అనే బానిస కథ ఇంకా దారుణం. క్యాపిటల్ గోపురం మీద నిలబెట్టిన బొమ్మ పేరు ఫ్రీడమ్, అంటే స్వేచ్ఛ. రోమ్ నుంచి వచ్చిన దాని ప్లాస్టర్ నమూనాని ఎక్కడ విడదీయాలో ఎవరికీ అంతుపట్టకపోతే, తలకున్న ఇనుప రింగుకి తాడు కట్టి మెల్లగా పైకి లాగి అతుకులు కనబడేలా చేసింది రీడ్. ఆదివారాలు పనిచేస్తే రోజుకి 1.25 డాలర్లు అతని చేతికిచ్చారు, మిగతా ఆరు రోజుల కూలి యజమానిది. 1862 ఏప్రిల్‌లో వాషింగ్టన్‌లో బానిసత్వం రద్దయినప్పుడు నష్టపరిహారం కూడా యజమానికే ఇచ్చారు! రీడ్‌కి విడుదల దొరికిన మరుసటి ఏడాది డిసెంబర్‌లో ఆ బొమ్మని పైకి ఎక్కించారు.

మా నాన్నకి శనివారం బట్వాడా ఒక్క రోజు ఆలస్యమైతేనే ఇంట్లో టెన్షన్. బతికినన్నాళ్లూ తన కూలి ఇంకొకడు సంతకం పెట్టి తీసుకుంటుంటే చూస్తూ పని చెయ్యడం ఎలా ఉంటుందో నా ఊహకి అందడం లేదు.

మన పిల్లలు వేలమంది అమెరికాలో ఉన్నారు, అమ్మానాన్నలు వెళ్లి ఆ మెట్ల ముందు ఫోటోలు దిగి వస్తున్నారు. క్యాపిటల్ విజిటర్ సెంటర్‌లో, ఎమాన్సిపేషన్ హాల్‌లో, ఆ బానిసల గుర్తుగా 2012లో పాత కట్టడంలోని ఇసుకరాయి ఒకటి పెట్టారు. ఈసారి దాని ఫోటో కూడా వెయ్యండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
మారతహళ్లి, బెంగళూరు