రవికి, నీ కొత్త ల్యాబ్ బల్లల సంగతి

ఒరేయ్ రవీ,

ఎలా ఉన్నావు? చెల్లెమ్మ, పిల్లలు కులాసాయేనా? జీనోమ్ వ్యాలీలో నువ్వు అద్దెకు తీసుకున్న చోటు ప్లాను, దాంతో పంపిన కొటేషన్లు రాత్రి కూర్చుని పూర్తిగా చూశాను. ఫోన్లో చెప్పుకుంటే తెగే సంగతి కాదిది. అందుకే తీరిగ్గా రాస్తున్నాను. అడ్వాన్సు కట్టకముందే చదువు.

విడివిడి భాగాలుగా మార్చి అమర్చుకోగల మాడ్యులర్ ఫర్నిచర్ తీసుకోవాలన్న నీ ఆలోచన నూటికి నూరుపాళ్లు సరైంది. ఇవాళ నీకు మందుల శాంపిళ్ల పరీక్షలు వస్తున్నాయి. రేపు ఎవరో వచ్చి సెల్ కల్చర్ (జీవకణాలను పెంచే) పని కావాలంటే గది రూపమే మారాలి. గోడ పొడవునా సిమెంటుతో కట్టేసిన గ్రానైట్ గట్లు ఉంటే పగలగొట్టడం తప్ప దారి లేదు. ఆ దుమ్ము రేగినన్నాళ్లూ పక్కనున్న పరికరాలన్నీ మూసుకుని కూర్చోవాలి. అయితే "అన్నీ చక్రాల మీదే ఉండాలి" అన్నావు చూడు, అక్కడ మాత్రం నేను ఒప్పుకోను.

కదలకూడనివి కొన్ని ఉంటాయిరా. విషవాయువులను బయటికి లాగేసే గూడు, ఫ్యూమ్ హుడ్‌నే తీసుకో. దాని డక్టు పైకప్పు దాకా పోతుంది, పైన బ్లోయర్ ఉంటుంది, ముందు తలుపు దగ్గర గాలి సెకనుకు సుమారు అర మీటరు వేగంతో లోపలికి లాగేలా సరిచూసి పెడతారు. దాన్ని జరిపితే ఆ లెక్కంతా మళ్లీ మొదటికొస్తుంది. సింకులూ అంతే. ఈ రెండింటినీ ఒకే గోడ వైపు చేర్చి అక్కడే స్థిరంగా ఉంచు. అతి సూక్ష్మంగా తూచే త్రాసు, అనలిటికల్ బ్యాలెన్సుకు విడిగా బరువైన రాతి బల్ల కావాలి, తలుపుకీ ఏసీ గాలికీ దూరంగా ఒక మూల. పక్కనుంచి ఎవరైనా గబగబా నడిచినా నాలుగో దశాంశం ఊగుతుంది. ఆ మూడూ పోగా గది మధ్యంతా నీకు ఖాళీ. మార్చుకునేదంతా అక్కడే.

ఇక అసలు సంగతికి వస్తాను. నీ రెండో కొటేషన్‌లో బల్లలు బ్రహ్మాండంగా ఉన్నాయి, ఒక్కొక్కటీ నాలుగు చక్రాల మీద తిరుగుతుంది. కానీ ప్లగ్గులన్నీ గోడల మీదే ఉన్నాయి, గ్యాస్ లైన్లూ గోడల మీదే. ఇంక ఆ బల్ల ఎక్కడికి కదులుతుంది? నెల తిరక్కుండా నడిచే దారికి అడ్డంగా ఎక్స్‌టెన్షన్ బోర్డులు పడతాయి, వాటి మీద టేపులు అంటిస్తారు. డబ్బు బల్ల మీద కాదు, దానికి కరెంటు, గ్యాస్ చేరే దారి మీద పెట్టు.

అమెరికాలో లా హోయాలో సాల్క్ ఇన్‌స్టిట్యూట్ అనే జీవశాస్త్ర పరిశోధనా సంస్థ ఉంది కదా, 1965లో పూర్తయింది, ఆర్కిటెక్టు లూయీ కాన్ కట్టింది. అక్కడ ప్రతి ల్యాబ్ అంతస్తుకూ పైన, కేవలం పైపులూ డక్టులూ వైర్ల కోసమే ఇంకో అంతస్తు వేశారు. ల్యాబ్ హాలు మధ్యలో ఒక్క స్తంభం కూడా లేదు. శాస్త్రవేత్తకు కరెంటో గ్యాసో ఎక్కడ కావాలంటే అక్కడ పైనుంచి దించుకోవచ్చు. అందుకే ఇన్ని దశాబ్దాల తర్వాత కూడా అక్కడ కొత్త పనులు సాగుతున్నాయి. అద్దె భవనంలో మనం అంత చేయలేం. అందులో కొంత మాత్రం చేయొచ్చు. సీలింగ్ నుంచి సర్వీసు ప్యానెళ్లు దించమను, మూడు మీటర్లకొకటి చొప్పున. ఒక్కో దానిలో మామూలు కరెంటు సాకెట్లు, వేరే రంగులో యూపీఎస్ సాకెట్లు, నెట్‌వర్క్ పాయింటు, నైట్రోజన్ వాల్వు ఉండాలి. బల్లకు దాని సొంత సాకెట్ల పట్టీ ఉండి, ఒకే ఒక్క ఇండస్ట్రియల్ ప్లగ్ పైకి తగిలిస్తే చాలు. గ్యాస్‌కైతే ప్యానెల్ దాకా స్టీలు పైపు, అక్కణ్నుంచి అల్లిక హోసు, చివర చేత్తో తగిలించి తీసేసే క్విక్ కనెక్ట్. హైడ్రోజన్‌కు మాత్రం ఈ హోసుల జోలికి పోవద్దు, పూర్తిగా స్టీలు పైపే వేయించు.

మూడు మీటర్లు ఎందుకంటే, 750 మిల్లీమీటర్ల లోతు బల్ల ఇటొకటి, అటొకటి, మధ్యలో మీటరున్నర దారి. ఆ దారి మీద బేరం ఆడకు. ఇద్దరు ఒకరికొకరు వీపు పెట్టి అటూ ఇటూ పనిచేస్తుంటే మూడో మనిషి సాల్వెంట్ (ద్రావకం) సీసాతో వాళ్ల మధ్య నుంచి పోగలగాలి. హెచ్‌పీఎల్‌సీలు, అదే శాంపిల్‌లోని పదార్థాలను విడదీసి కొలిచే యంత్రాలు, పెట్టే బల్లలకు మాత్రం ఇంకాస్త లోతు అడుగు. వాటికి చక్రాలు నిజంగా పనికొస్తాయి. సర్వీసు ఇంజనీరు వస్తే బల్లను ముందుకు లాగి వెనక్కి వెళ్లిపోతాడు.

పైన వేసే పలక గురించి అడిగావు. మన చీమకుర్తి గ్రానైట్ అంటే నాకూ ఇష్టమే, యాసిడ్‌కు బాగానే ఆగుతుంది. కానీ మీటరున్నర బల్లకు 18 మిల్లీమీటర్ల గ్రానైట్ పలక ఒక్కటే 55 కిలోల దాకా తూగుతుంది. 16 మిల్లీమీటర్ల ఫినాలిక్ రెజిన్ (గట్టి ప్లాస్టిక్ లాంటి పలక) అయితే 25 కిలోలు. కదిలే బల్లకు ఫినాలికే మేలు, రాయిని బ్యాలెన్సు బల్లకు ఉంచు. వెండరు సెఫా 3 (ల్యాబ్ బల్లల పలకలకు ఉన్న ప్రమాణం) పరీక్ష రిపోర్టు ఇస్తానన్నాడుగా, అది తీసుకో. పలక మీద 49 రసాయనాలు 24 గంటలు ఉంచి మచ్చ పడిందా, ఉబ్బిందా అని చూస్తారు అందులో. అక్కడితో ఆగకు. అరచేతంత ముక్క అడిగి తెచ్చుకుని, మీరు రోజూ వాడే డైక్లోరోమీథేన్, గాఢ నైట్రిక్ యాసిడ్, అయోడిన్ హుడ్‌లో పెట్టి నువ్వే వేసి చూడు, మరుసటి రోజు కడిగి వెలుతురులో పట్టుకుని చూడు.

ఫ్యాక్టరీకి వెళ్లినప్పుడు బల్ల మీద నిండా నీళ్లున్న గ్లాసు పెట్టమను. చక్రాల బ్రేకులు వేసి, రెండు చేతులతో అంచు మీద ఆనుకో. నీళ్లు తొణికాయంటే ఆ ఫ్రేము మీద శాంపిళ్లను గిర్రున తిప్పే సెంట్రిఫ్యూజ్ పెట్టలేవు. బరువు ఎంత మోస్తుందని అడిగితే ఒక అంకె చెప్తారు. అది స్థిరమైన కాళ్ల మీదా, చక్రాల మీదా అని గుచ్చి అడుగు, రెండూ ఒకటి కావు. చాలామంది మొదటిదే చెప్పి ఊరుకుంటారు. కింది అల్మరాలు ప్లైవుడ్ వద్దు. రోజూ తడిగుడ్డ పెట్టి తుడిచేసరికి అడుగు ఉబ్బిపోతుంది. పౌడర్ కోటింగ్ స్టీలువి, ఫ్రేముకు వేలాడేవో చక్రాల మీదివో తీసుకో, కింద చీపురు దూరాలి.

ఎత్తు సంగతి నీ లిస్టులో అసలే లేదు, అది నాకు బాధగా ఉంది. నిలబడి పనికి 900 మిల్లీమీటర్లు, కూర్చుని పనికి 750 అని అందరికీ ఒకే కొలత వేసేస్తారు. మన ల్యాబుల్లో ఆడపిల్లలు ఎందరో అయిదడుగుల లోపు ఉంటారు. 900 బల్ల మీది పరికరం పై ట్రేలోంచి సాల్వెంట్ సీసా దించాలంటే వాళ్లు మునివేళ్ల మీద నిలబడాలి. నాలుగు లీటర్ల అసిటోనైట్రైల్ సీసా తలపైన పట్టుకుని! కొన్ని బల్లలకైనా ఎత్తు మార్చుకునే కాళ్లు పెట్టించు. ఖర్చు కొంచెం పెరుగుతుంది, పెరగనీ.

ఇంకొక్క పని. ఆ ఖాళీ హాల్లో నేల మీద మాస్కింగ్ టేపుతో బల్లలన్నీ అసలు కొలతల్లో గీసి, పరికరాల చోట అట్టపెట్టెలు పెట్టు. అక్కడ పనిచేయబోయే పిల్లల్ని పిలిచి, శాంపిల్ వచ్చిన దగ్గర్నుంచి రిపోర్టు దాకా నడవమను. ఎవరు ఎవరికి అడ్డం వస్తున్నారో వాళ్లే చెప్తారు.

మొదటి వెండరును సీలింగ్ ప్యానెళ్లతో కలిపి మళ్లీ కొటేషన్ ఇమ్మను. ఆదివారం నేను శామీర్‌పేట వైపు వస్తున్నాను, ఆ ఎలక్ట్రికల్ కాంట్రాక్టరును కూడా పదకొండుకల్లా రమ్మను, హాల్లోనే కూర్చుని మాట్లాడదాం. టేపు నేను తెస్తాను, అట్టపెట్టెలు నువ్వు చూసుకో.

నీ,
మురళి