హిమపాతం వేరు, మంచు చరియ వేరు

సంపాదకుల వారికి నమస్కారం.

హిమాలయాల్లో ఎప్పుడు ప్రమాదం జరిగినా మన పత్రికలు ‘హిమపాతం’ అనే ఒక్క మాటతో సరిపెడుతున్నాయి. ఆకాశం నుంచి మంచు కురిసినా హిమపాతమే, కొండవాలు మీద పేరుకున్న మంచు పలక విరిగి కిందికి దూసుకొచ్చినా హిమపాతమే. దాంతో చదివేవాళ్లు మంచు పడుతున్నంతసేపే భయం, ఎండ కాస్తే గండం గడిచినట్టే అనుకుంటున్నారు. కానీ కురవడం ఆగాక వచ్చే మొదటి ఒకటి రెండు రోజులు కూడా చాలా ప్రమాదకరమైనవి. కొత్త మంచు బరువుకు కింది పొరలు ఇంకా సర్దుకుని ఉండవు. ఆకాశం నీలంగా ఉంటుంది, ఫొటోలు బాగా వస్తాయి, జనం బయల్దేరేదీ అప్పుడే. అందుకే విరిగిపడేదాన్ని ‘మంచు చరియ’ అని విడిగా రాయాలని మా మొదటి మనవి.

క్రిస్మస్ నుంచి సంక్రాంతి దాకా మన రెండు రాష్ట్రాల నుంచి ఉత్తరాఖండ్‌లోని మంచు నడక దారులు కేదార్‌కంఠ, బ్రహ్మతాల్, కువారీ పాస్ వెళ్లే కుర్రకారు చాలామందే ఉన్నారు. లంబసింగి చలి తట్టుకోవడం, భువనగిరి బండ ఎక్కడం మంచివే గానీ, మంచు వాలును చదవడం అవి నేర్పవు. ఈ మూడు దారులూ కొంతవరకు కొండ వెన్ను మీదుగా సాగేవే. దారి మంచులో పూడిపోయి, ‘చుట్టూ తిరగడం ఎందుకు, అడ్డంగా పోదాం’ అన్నప్పుడే చిక్కు వస్తుంది.

చూడాల్సింది ముందుగా వాలు. పలకలుగా విరిగే చరియల్లో ఎక్కువ భాగం 30 నుంచి 45 డిగ్రీల వాలు మీద పుడతాయి. అంతకంటే నిటారుగా ఉంటే మంచు పెద్దగా నిలవకుండా ఎప్పటికప్పుడు రాలిపోతుంది. 25కు లోపైతే విరగడం అరుదు. కంటికి అందరం తప్పే అంచనా వేస్తాం కాబట్టి కొలవాలి. సమానమైన పొడవున్న రెండు ట్రెక్కింగ్ కర్రలు చాలు. ఒకదాన్ని వాలు వెంబడి పైనుంచి కిందికి పడుకోబెట్టి అదిమితే మంచులో అచ్చు పడుతుంది. అచ్చు పై కొస దగ్గర కర్ర పిడిని కదలకుండా పట్టుకుని, కింది కొసను గాల్లోకి లేపండి. లేపిన ఆ కొస నుంచి రెండో కర్రను మేస్త్రీ తూకం గుండులా నిలువుగా వేలాడదీయండి. దాని మొన సరిగ్గా అచ్చు కింది కొసను తాకితే వాలు 30 డిగ్రీలు. అచ్చు దాటి కిందికి పోతే అంతకంటే ఎక్కువ, ప్రతి 10 సెంటీమీటర్లకు సుమారు 3 డిగ్రీలు కలపండి. అచ్చు లోపలే ఆగితే అదే లెక్కన తగ్గించండి. ఈ కొలత తీసుకోవాల్సింది అనుమానం ఉన్న వాలు నడిమధ్య కాదు, దాని పక్కన అంతే వాలున్న చిన్న గట్టు మీద. ఫోన్‌లోనూ కొలవొచ్చు గానీ ఆ చలికి బ్యాటరీ ఎప్పుడు చచ్చిపోతుందో చెప్పలేం.

ఇంట్లో కూర్చుని మ్యాపు మీదా ఈ పని చేయొచ్చు. 1:50,000 మ్యాపులో ఎత్తు గీతలు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపేవి) 40 మీటర్లకు ఒకటి చొప్పున ఉంటే, వాటి మధ్య ఎడం 1.4 మిల్లీమీటర్లకు తగ్గిన ప్రతి చోటా వాలు 30 దాటినట్టే.

మనం నిలబడ్డ నేల చదునుగా ఉంటే చాలదు, తల మీది వాలూ లెక్కలోకి వస్తుంది. 2023 ఏప్రిల్ 4న సిక్కింలో నాథులా దారిలో చనిపోయిన ఏడుగురూ శిఖరాలెక్కేవాళ్లు కారు, మంచు చూడటానికి వెళ్లిన పర్యాటకులు. 2025 ఫిబ్రవరి 28న బద్రీనాథ్ పైన మాణా దగ్గర చరియ పడింది రోడ్డు కూలీల శిబిరం మీద. 54 మంది చిక్కుకుంటే 8 మంది పోయారు. గుడారం వేసేటప్పుడు, అన్నానికి ఆగేటప్పుడు పైకి చూడాలి. చెట్ల మధ్య పైనుంచి కిందికి గీసినట్టు ఖాళీ బాట ఉన్నా, చెట్లకు కొండవైపు కొమ్మలు విరిగిపోయి ఉన్నా చరియ అంతకుముందు అక్కడ దిగిందని అర్థం. సన్నటి వాగులోకైతే అసలు దిగకూడదు. చిన్న చరియ కూడా అక్కడ మనిషిని లోతుగా పూడ్చేస్తుంది.

‘ఈసారి మంచు తక్కువే కదా’ అనే మాట బాగా వినిపిస్తుంది. పలచటి మంచు మీద కటిక చలి రోజుల తరబడి కొనసాగితే అడుగు పొర ఒకదానికొకటి అంటుకోని పంచదార పలుకుల్లా మారుతుంది. నీడ పట్టున ఉండే ఉత్తరపు వాలుల మీద ఇది ఎక్కువ. దాని మీద కొత్త మంచు గట్టిపడితే పంచదార మీద పరిచిన షాబాద్ బండే. మనిషి బరువు చాలు, అది కదలడానికి. సరదాకి కొండల్లోకి వెళ్లి చరియల్లో చిక్కుకున్నవాళ్లలో అత్యధికుల విషయంలో దాన్ని కదిలించింది వాళ్ల అడుగులో, వాళ్ల జట్టువాళ్ల అడుగులో. కాలి కింద ‘ధుమ్’మని బోలు చప్పుడు వచ్చినా, అడుగు వేసిన చోటు నుంచి పగులు పాకినా అక్కడితో ఆగి, వచ్చిన అడుగుల్లోనే వెనక్కి రావాలి. కొత్త మంచు పడకపోయినా గాలి చాలు. ఒక పక్క మంచును ఊడ్చి రెండో పక్క పలకలా పేరుస్తుంది, వెన్ను అంచున ఆ మంచు ఇంటి చూరులా ముందుకు పొడుచుకొస్తుంది. ఆ చూరు మీద నిలబడి ఫొటో దిగితే కింద ఉన్నది నేల కాదు, గాలి.

నడవాల్సింది గాలి కొట్టే వైపు వెన్ను మీద, లేదా దూరి నడవడమే కష్టమయ్యేంత దట్టమైన అడవిలో. ప్రమాదపు వాలును దాటక తప్పకపోతే ఒక్కొక్కరే దాటాలి. మిగిలినవాళ్లు భద్రమైన చోట నిలబడి, దాటుతున్న మనిషి మీద నుంచి చూపు తిప్పకూడదు. ఇరవై మంది జట్టులో మనిషికి రెండు నిమిషాలు వేసుకున్నా 40 నిమిషాలు. పెద్ద జట్లు ఈ నియమాన్ని వదిలేసేది ఇక్కడే.

పూడిపోయిన మనిషిని మొదటి 10 నిమిషాల్లో బయటికి తీస్తే పదిమందిలో తొమ్మిదిమంది బతుకుతారు. అరగంట దాటితే మూడోవంతు మంది మిగిలితే ఎక్కువ. హెలికాప్టర్ వచ్చేదాకా ఆగే వ్యవధి లేదు, తవ్వాల్సింది పక్కనున్నవాళ్లే. అందుకు ప్రతి ఒక్కరి ఒంటి మీదా 457 కిలోహెర్ట్జ్ బీకన్ (సంకేతం పంపే, అందుకునే చిన్న పరికరం), సంచిలో మంచులో గుచ్చి మనిషిని వెతికే కనీసం 240 సెంటీమీటర్ల ప్రోబ్ కర్ర, లోహపు పార ఉండాలి. గైడు ఒక్కడి దగ్గరే బీకన్ ఉంటే దాని సంకేతం అందుకునేవాళ్లే ఉండరు. అద్దెకిచ్చే మైక్రోస్పైక్స్, గైటర్లు కాలు జారకుండా, బూట్లలో మంచు దూరకుండా కాపాడతాయి. చరియకు వాటితో పని లేదు.

డబ్బు కట్టే ముందే నిర్వాహకులను అడగండి. దారిలో 30 డిగ్రీలు దాటిన వాలులు ఎక్కడున్నాయి, మంచు ఎక్కువైతే వేరే దారి ఏది, వెనక్కి తిప్పే నిర్ణయం ఎవరిది? జవాబు చెప్పలేనివారికి డబ్బు కట్టవద్దు. తిరుగు రైలు, విమానం టికెట్లకు ముందు ఒక రోజు ఖాళీగా ఉంచుకోండి. సెలవు అయిపోతోందన్న తొందరే చాలామందిని ఆగాల్సిన రోజున ముందుకు నెడుతుంది.

ఇక మీకు మా రెండో మనవి. చండీగఢ్‌లోని డీఆర్‌డీవో ప్రయోగశాల డీజీఆర్ఈ శీతాకాలంలో చరియల హెచ్చరికలు ఇస్తుంది. అందులో జిల్లా, ప్రమాద స్థాయి రంగు, ఎన్ని మీటర్ల ఎత్తుకు పైన, ఎంత గడువు అన్నీ ఉంటాయి. మన దగ్గర అచ్చయ్యేసరికి ‘ఉత్తరాఖండ్‌లో హిమపాత హెచ్చరిక’ మాత్రమే మిగులుతోంది. కేదార్‌కంఠ నడక మొదలయ్యే సంక్రీ ఊళ్లో బస చేసినవాడికి ‘3,000 మీటర్లకు పైన’ అన్న ముక్క చాలా ముఖ్యం. ఊరు ఆ గీతకు బాగా కింద ఉంది, కేదార్‌కంఠ శిఖరం 3,800 మీటర్ల దగ్గర ఉంది. డిసెంబరు నుంచి మార్చి దాకా ఉష్ణోగ్రతల పట్టిక కింద ఆ నాలుగు వివరాలూ వేయడానికి రెండు వరసలు సరిపోతాయి.

ఇట్లు,
మంచు కొండల దారుల్లో శిక్షణ ఇచ్చే కొందరం,
హైదరాబాద్