మాతృవందన సొమ్ము ఆగేది బ్యాంకు దగ్గరే

సంపాదకులకు,

ప్రధానమంత్రి మాతృవందన యోజనలో తొలి కాన్పుకు రూ.5,000 ఇస్తారు. గర్భం నమోదై, ఆఖరి నెలసరి నుంచి ఆరు నెలల్లోగా ఒక్క పరీక్షయినా జరిగితే రూ.3,000. జననం నమోదై, బిడ్డకు పద్నాలుగో వారం టీకాలు పడ్డాక రూ.2,000. రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే ఒకేసారి రూ.6,000. (తల్లికి కనీసం రూ.6,000 ఇవ్వాలని ఆహార భద్రతా చట్టం 2013లోనే చెప్పింది. తొలి కాన్పుకు తగ్గిన ఆ వెయ్యి సంగతి వేరే మాట్లాడుకోవాలి.) కూలికి వెళ్లకుండా నాలుగు రోజులు కూర్చుని తినడానికి ఉద్దేశించిన మొదటి విడత, పురుడయ్యాక చేతికొస్తే ఏం లాభం?

దరఖాస్తు సరిగ్గానే ఉన్నా సొమ్ము ఆగిపోతుంటుంది. అది ఆధార్ నంబరును పట్టుకుని వస్తుంది. బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థ ఎన్‌పీసీఐ పట్టికలో ఆ ఆధార్‌కు చివరగా ఏ బ్యాంకు జతపడి ఉంటే అక్కడికే పోతుంది. బ్యాంకులో ఆధార్ జిరాక్సు ఇచ్చేశాం కదా అనుకుంటారు. అది ఖాతాదారు ఎవరో నిర్ధారించుకునే కేవైసీకి మాత్రమే. నగదు బదిలీకి సమ్మతి పత్రం విడిగా ఇవ్వాలి. పెళ్లికి ముందు పుట్టింట్లో తెరిచి వదిలేసిన ఖాతాకే జత మిగిలిపోతే, డబ్బు పడినా ఆమెకు తెలియదు. ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు, దరఖాస్తులో అత్తింటిది ఉంటే అసలు ముందుకే కదలదు.

ప్రతి నెలా 9న ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకు ఉచిత పరీక్షలు జరుగుతాయి. ఆ రోజే అక్కడ ఒక బల్ల వేసి, ఊళ్లో బ్యాంకు తరఫున పనులు చేసిపెట్టే బ్యాంకు మిత్రను కూర్చోబెట్టాలి. మైఆధార్ వెబ్‌సైట్‌లో బ్యాంకు జత వివరాలు చూడటం రెండు నిమిషాల పని. కాకపోతే ఆధార్‌కు జతపడిన ఫోనుకు వచ్చే ఓటీపీ కావాలి, ఆ ఫోనేమో తరచూ భర్త దగ్గరో తండ్రి దగ్గరో ఉంటుంది. ఆశా కార్యకర్త ముందురోజే చెప్పి ఫోను తెప్పించాలి. జత లేకుంటే సమ్మతి పత్రం అక్కడే తీసుకోవాలి. దరఖాస్తులో పేరు ఆధార్‌లో ఉన్నట్టే, అక్షరం పొల్లుపోకుండా రాయాలి.

రెండో విడతకు చిక్కు వేరు. పురిటికి పుట్టింటికి వెళ్లిన తల్లి బిడ్డకు టీకాలు అక్కడే వేయిస్తుంది. దరఖాస్తు అత్తవారి ఊళ్లో ఉంటుంది. తల్లీబిడ్డల రక్షణ కార్డులో టీకా తేదీలు రాయించి, ఆ పేజీ ఫొటోను అత్తవారి ఊరి ఆశాకు పంపించాలి. దరఖాస్తు తిరస్కరిస్తే కారణం గర్భిణి ఫోనుకే, తెలుగులో రావాలి.

— మాతాశిశు ఆరోగ్య కార్యకర్తలు