సర్కిల్ లెక్కల్లో కనిపించని గుత్తాధిపత్యం

సంపాదకులకు నమస్కారం.

టెలికాం కంపెనీల విలీనం మాట వచ్చినప్పుడల్లా 'నష్టాల్లో ఉన్నవి కలిస్తే బాగుపడతాయి, మధ్యలో ప్రభుత్వం అడ్డెందుకు?' అనే వాదన వినిపిస్తుంది. అడ్డుపడితే ఏమవుతుందో అమెరికాలో చూశాం. 2011 మార్చిలో ఏటీ అండ్ టీ 3,900 కోట్ల డాలర్లకు తన పోటీ కంపెనీ టి-మొబైల్‌ను కొంటానంది. ఆగస్టు 31న అక్కడి న్యాయశాఖ కోర్టుకెక్కింది. డిసెంబరుకల్లా ఏటీ అండ్ టీ వెనక్కి తగ్గింది. ముందే రాసుకున్న షరతు ప్రకారం 300 కోట్ల డాలర్ల నగదు, కొంత స్పెక్ట్రమ్ (సిగ్నల్ నడిపే రేడియో తరంగాల హక్కు), రోమింగ్ ఒప్పందం అవతలి పక్షానికి ముట్టజెప్పింది. ఇక నిలవదనుకున్న టి-మొబైల్ 2013లో కస్టమర్లను కట్టిపడేసే రెండేళ్ల కాంట్రాక్టు పద్ధతినే ఎత్తేసింది. అదే కంపెనీ 2020లో స్ప్రింట్‌ను కలిపేసుకుంది, రాష్ట్రాలు వేసిన దావా వీగిపోయింది. అది వేరే సంగతి.

మనకు పనికొచ్చేది 2011లో అమెరికా న్యాయశాఖ పోటీని లెక్క వేసిన తీరు. ఒక్కో కంపెనీ మార్కెట్ వాటా శాతాన్ని వర్గం చేసి అన్నీ కూడతారు, ఆ మొత్తమే సూచీ. వాటాలు 40, 30, 20, 10 అయితే మొత్తం 3,000. చివరి రెండూ కలిస్తే 3,400. అప్పటి మార్గదర్శకాల్లో సూచీ 2,500 దాటి, పెరుగుదల 200 మించితే పోటీకి దెబ్బేనని అనుమానించాలి. ఈ లెక్కను దేశం మొత్తానికి ఒకసారి వేసి ఊరుకోలేదు, పెద్ద నగరాల మార్కెట్లకు విడివిడిగా వేశారు.

మన టెలికాం శాఖ 2014 ఫిబ్రవరి మార్గదర్శకాల్లో కొలమానం సర్కిల్, అంటే లైసెన్సుల కోసం దేశాన్ని విభజించిన ప్రాంతాల్లో ఒకటి. విలీన కంపెనీకి చందాదారుల్లోగానీ ఆదాయంలోగానీ సర్కిల్‌లో 50 శాతం మించితే ఏడాదిలో తగ్గించుకోవాలి. రాష్ట్రం విడిపోయినా మన సర్కిల్ మాత్రం ఆంధ్ర, తెలంగాణ కలిపి ఒక్కటే. హైదరాబాదు చందాదారులూ రామకుప్పం చందాదారులూ ఒకే మొత్తంలో పడతారు. కుప్పం వైపు ఒక పల్లెలో రెండు కంపెనీల సిగ్నలే ఉందనుకోండి. ఆ రెండూ కలిసినా సర్కిల్‌లో వాటా 38 శాతమే అయితే ఏ నిబంధనా అడ్డురాదు. ఆ పల్లెలో మాత్రం నూటికి నూరు.

'నచ్చకపోతే పోర్ట్ పెట్టుకోవచ్చు కదా' అంటారు. 1900కు ఎస్సెమ్మెస్ పంపితే కోడ్ వస్తుంది, ఇక్కడ నాలుగు రోజులు చెల్లుతుంది. మారడానికి రెండో సిగ్నల్ లేనిచోట ఆ కోడ్ ఏం చేసుకోవాలి?

విలీనంతో మిగిలే ఖర్చు చాలావరకు టవర్ల దగ్గరే. ఒకే టవర్ మీద రెండు కంపెనీల పరికరాలుంటే ఒక సెట్టు దించేస్తారు. దాని స్పెక్ట్రమ్‌ను మిగిలిన సెట్టుకు వెంటనే జోడించకపోతే ఇద్దరి కస్టమర్లూ ఒకరి కెపాసిటీలోనే సర్దుకోవాలి. బ్రహ్మోత్సవాల్లో తిరుమల కొండ మీద అలాంటి జాప్యం జరిగితే సిగ్నల్ నిండుగా చూపిస్తుంది, కాల్ మాత్రం కలవదు.

ఇంకో చిక్కు. 2025లో తనకు రావాల్సిన బకాయిలను ప్రభుత్వం వాటాలుగా మార్చుకున్నాక వొడాఫోన్ ఐడియాలో దాదాపు 49 శాతం ప్రభుత్వానిదే. లైసెన్సు ఇచ్చేదీ వాటాదారూ ఒకరే అయినప్పుడు పోటీని కాచేది కాంపిటీషన్ కమిషనే. కానీ చాలా విలీనాలు కమిషన్ తొలిదశ పరిశీలనలోనే ముగుస్తాయి. వొడాఫోన్–ఐడియాకు 2017 జులైలో అనుమతి వచ్చింది. ప్రజల అభ్యంతరాలు అడిగేది లోతుగా విచారించే రెండో దశకు వెళ్తేనే, ఆ గడువూ కొద్ది రోజులే.

కాబట్టి టెలికాం విలీనాలకు మండలాల వారీ లెక్కను తొలిదశలోనే కంపెనీల నుంచి అడగాలి. కవరేజీ మ్యాపులు వాళ్ల దగ్గరున్నవే. అయితే మ్యాపులో రంగు ఉన్నంత మాత్రాన ఇంట్లో సిగ్నల్ ఉన్నట్టు కాదు, చందాదారుల సంఖ్యను టవర్ల వారీగా పక్కన పెట్టి చూడాలి. అభ్యంతరం రాసేవాళ్లు 'ధరలు పెరుగుతాయి' అని ఆగిపోకూడదు. ఏ పంచాయతీలో ఏయే కంపెనీల 4జీ అందుతోంది, విలీనమైతే ఎన్ని మిగులుతాయి, ఈ రెండూ పట్టికగా ఇస్తే కమిషన్ పక్కన పెట్టడం కష్టం.

– ఒక పాఠకుడు, తిరుపతి