వెన్నుపాము దెబ్బతిన్నవారి గురించి గుంటూరు జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కలెక్టర్ గారికి నమస్కారములు.

తాటిచెట్టు మీది నుంచో, కడుతున్న మేడ పైనుంచో పడిన మనిషిని కంగారులో తలో చెయ్యీ వేసి ఆటోలోకి ఎక్కిస్తే, విరిగిన వెన్నుపూస కదిలి వెన్నుపామును ఇంకా నలిపేసే ప్రమాదం ఉన్నందున, 108 వాహనం వచ్చేదాకా మెడ, నడుము కదపకూడదని మిర్చి యార్డు హమాలీలకూ తాపీ మేస్త్రీలకూ నేర్పించవలసిందిగా కోరుతున్నాను.

అయితే అసలు కష్టం ఇంటికి వచ్చాకనే మొదలవుతుంది. మా బావగారికి నడుము కింద స్పర్శ లేదు. డిశ్చార్జి నాడు మందుల చీటీ చేతికిచ్చారే గానీ, రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాలనీ, నాలుగు నుంచి ఆరు గంటలకొకసారి శుభ్రమైన గొట్టంతో మూత్రం తీయాలనీ మా అక్కకు ఎవరూ చెప్పలేదు. నొప్పి తెలియని ఒంటి మీద, తుంటి దగ్గర రూపాయి బిళ్లంత ఎరుపు చూస్తుండగానే ఎముక దాకా దిగిన పుండయింది. ఇది ముందే ఆపగలిగిన పుండు, అందుకే ఇంత బాధ.

ఇటువంటి ఇళ్లకు ఏఎన్ఎంలను పంపి ఈ పనులు చేసి చూపించేలా, గొట్టాలూ గాలిపరుపులూ ఉచితంగా అందేలా, వైకల్య ధ్రువపత్రాలు ఇచ్చే సదరం శిబిరాలు మెట్లు లేని చోటనే జరిగేలా ఆదేశాలు ఇవ్వవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
గుంటూరు వాసి