వార్షిక నివేదిక: ఒకే ఊరికి నాలుగుసార్లు

మ్యూనిక్‌లోని మన తెలుగు సంఘం సభ్యులందరికీ నమస్కారం.

పోయినేడు సర్వసభ్య సమావేశంలో రెండు తీర్మానాలు చేసుకున్నాం. ఉగాదికి హాలు ఆర్నెల్ల ముందే బుక్ చేయాలన్నది ఒకటి. నాలుగు ఊళ్లకు నాలుగు పిక్నిక్‌లు మానేసి, ఒకే ఊరికి నాలుగుసార్లు వెళ్లాలన్నది రెండోది. మొదటిది జరగలేదు. రెండోది జరిగింది. అందుకే ఈ నివేదికలో సింహభాగం మిట్టెన్‌వాల్డ్ అనే ఒక ఊరి గురించే ఉంటుంది. జమాఖర్చుల కోసం చూసేవాళ్లు నేరుగా చివరికి వెళ్లిపోవచ్చు, ఏమీ అనుకోను.

ఏ ఊరన్నది సమావేశంలో తేలలేదు. దాన్ని తేల్చింది నా ఫిడేలు. జనవరిలో విజయనగరం నుంచి తిరిగొస్తుంటే క్యాబిన్‌లోకి కుదరదన్నారు, లగేజీలో వేయక తప్పలేదు. మ్యూనిక్‌లో ఇంటికొచ్చి పెట్టె తెరిస్తే పైన గీత కూడా లేదు. చేతిలోకి తీసుకోగానే లోపల ఏదో గలగలమంది. లోపల నిలబడి ఉండే పుల్ల, సౌండ్ పోస్ట్, పడిపోయింది. త్యాగరాజ ఆరాధన వారం రోజుల్లో ఉంది, పిల్లల పాటకు పక్కవాద్యం నాదే. ఎంత టెన్షన్ పడ్డానో మా ఆవిడనడిగితే చెబుతుంది. ఎవరిని సలహా అడిగినా ఒకటే మాట: మిట్టెన్‌వాల్డ్‌కి తీసుకెళ్లు.

మ్యూనిక్ నుంచి రైల్లో రెండు గంటలకు కాస్త తక్కువ. గార్మిష్ దాటాక ఈ లైన్లో జర్మనీ వైపు చివరి స్టేషన్ అదే, తర్వాత ఆస్ట్రియా. జనాభా ఏడు వేల పైచిలుకు. సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది. తూర్పున కార్వెండల్ కొండలు గోడ కట్టినట్టు నిలబడి ఉంటాయి, ఏ సందులోంచి తలెత్తినా అవే. పేరుకు అర్థం నట్టడవి. బవేరియాలో ఇలాంటి ఊళ్లు తమ పేరు ముందు ‘మార్క్‌ట్’ అని రాసుకుంటాయి. అంటే సంత ఊరు, పల్లెకూ పట్టణానికీ నడిమి హోదా. ఒకప్పుడు సంత పెట్టుకోవాలంటే ఏలినవారు హక్కు ఇవ్వాలి, ఆ హక్కు చుట్టూనే ఊరి బతుకంతా. ఇప్పుడు అది బిరుదుగా మిగిలింది.

ఫిడేలు బాగుచేసిన పెద్దాయన వర్క్‌షాపు ఒక ఇంటి కింది గది. కిటికీ దగ్గర బల్ల, గోడకు వరసగా ఉలులు, ఇంకా వార్నిష్ వేయని తెల్లటి ఫిడేళ్లు రెండు తీగకు వేలాడుతున్నాయి. నా ఫిడేలు తీసుకుని మొదట వాసన చూశాడు. మెడంతా జిడ్డెందుకు అని అడిగాడు. కొబ్బరి నూనె అన్నాను. గమకాలకు వేలు జారాలి కదా, మన వాళ్లు వేళ్లకు రాసుకుంటారు. తర్వాత కొసన చుట్ట తిరిగిన చోట, అక్కడ పాలిష్ ఒక పక్కే ఎందుకు అరిగిందన్నాడు. మాటల్లో చెప్పడం నా జర్మన్‌తో అయ్యే పని కాదు. చెప్పులు విడిచి, ఆ చెక్కపొట్టు మధ్యలోనే నేల మీద బాసింపట్టు వేసి, కొసను కుడి చీలమండ మీద ఆనించి చూపించాను. ఆయన కాసేపు చూసి, నేనూ కూర్చోవచ్చా అని పక్కన కూర్చున్నాడు. మోకాళ్లు సహకరించలేదు పాపం.

సౌండ్ పోస్ట్ అంటే పెద్ద వస్తువేం కాదు, పెన్సిల్ కన్నా సన్నటి స్ప్రూస్ చెట్టు పుల్ల. జిగురుండదు, మేకుండదు, పైచెక్కకీ కిందిచెక్కకీ మధ్య ఒత్తిడితో నిలబడి ఉంటుంది. పడిపోతే తీగలు మోగుతాయి గానీ ఫిడేలు పలకదు. దాన్ని మళ్లీ నిలబెట్టడానికి ఆయన ఎస్ ఆకారంలో వంచిన ఇనప కడ్డీ కొనకు పుల్లను గుచ్చి, పక్కనున్న సన్నటి కంతలోంచి లోపలికి పంపాడు. దంతవైద్యులు వాడే చిన్న అద్దంతో చూస్తూ ఒక్క వెంట్రుకవాసి జరిపి, వాయించమన్నాడు. ఇంకో వెంట్రుకవాసి, మళ్లీ వాయించమన్నాడు. ఇలా ఓ అరగంట. జర్మన్లో ఆ పుల్లను ‘ష్టిమ్మ’ అంటారట, అంటే గొంతు. ఆరాధనలో పంచరత్నాలకు ఫిడేలు ఎలా పలికిందో విన్నవాళ్లకు తెలుసు. ఫిడేలు నాయుడుగారి ఊళ్లో నేర్చుకున్నవాణ్ణి, నా వాద్యాన్ని నేనే పొగుడుకుంటే బాగోదు.

ఆ తిరుగు రైల్లోనే మిగతా మూడు ప్రయాణాలూ ఇక్కడికే అని కార్యవర్గానికి మెసేజ్ పెట్టాను. ఒక్కరూ కాదనలేదు, బహుశా ఎవరూ చదవలేదు.

ఇంత చిన్న కొండ ఊరికి ఫిడేళ్ల పని ఎక్కడి నుంచి వచ్చిందన్నది సెప్టెంబర్‌లో చివరిసారి వెళ్లినప్పుడు మ్యూజియంలో చూశాం. రాని వాళ్ల కోసం కొంచెం వివరంగా రాస్తున్నాను. ఇటలీ నుంచి జర్మన్ నగరాలకు సరుకు వెళ్లే దారి ఈ ఊరి మీదుగానే. 1487లో పక్కనున్న కొండసీమ టిరోల్ ఏలిక సిగ్‌మండ్‌కీ వెనిస్‌కీ చెడింది. తన ఏలుబడిలోని బోట్సెన్ ఊరి సంతకు వచ్చిన వెనిస్ వర్తకులను ఆయన పట్టి బంధించాడు. దాంతో వెనిస్ వాళ్లు బోట్సెన్ మానేసి సంతను మిట్టెన్‌వాల్డ్‌కి మార్చేశారు. దాదాపు రెండొందల ఏళ్లు ఇక్కడే నడిచింది. పట్టు, మసాలా దినుసులు, ద్రాక్షసారా బళ్ల మీద వచ్చేవి. ఈ ఊళ్లో దిగిన మూటను తర్వాతి మజిలీకి చేర్చే హక్కు ఈ ఊరి బళ్లవాళ్లదే, బయటివాడు ముట్టుకోకూడదు. ఇక్కడి నుంచి ఇజార్ నది మీద దుంగల తెప్పలు కట్టి మ్యూనిక్ వైపు పంపేవాళ్లు. మ్యూజియం ఉన్న వీధి పేరు ఇప్పటికీ మూటల గోదాము సందు.

1679లో సంత బోట్సెన్‌కి తిరిగి వెళ్లిపోయింది. బళ్లవాళ్లు, సత్రాలవాళ్లు, కూలీలు అందరి పొట్టా కొట్టినట్టయింది. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1684 ప్రాంతంలో, మతియాస్ క్లోట్స్ ఇంటికి తిరిగొచ్చాడు. 1653లో ఈ ఊళ్లోనే పుట్టి, ఇటలీలో పాదువాలో ఒక వీణెల మేస్త్రి దగ్గర (వాళ్ల వీణ లూట్ లెండి) పని నేర్చినవాడు. చుట్టూ కొండ మీద నెమ్మదిగా పెరిగిన స్ప్రూస్ ఉంది, వీపుచెక్కకు మేపుల్ ఉంది, ఖాళీగా కూర్చున్న చేతులు ఉన్నాయి. కొడుకులకు నేర్పాడు, వాళ్లు ఊరికి నేర్పారు. ఫిడేళ్లను వీపున కట్టుకునే కొయ్య చట్రాల్లో పేర్చుకుని మఠాలకూ తిరనాళ్లకూ నడిచి వెళ్లి అమ్ముకొచ్చేవాళ్లు. చర్చి ముందు క్లోట్స్ విగ్రహం ఉంది, 1890లో పెట్టారు. కత్తీ గుర్రమూ ఏమీ లేకుండా, చేతిలో ఫిడేలుతో పని చేసుకుంటున్న మనిషి. మన పిల్లలు ఎక్కువ ఫోటోలు దిగింది అక్కడే.

మ్యూజియంలో నన్ను ఆపేసింది మాత్రం ఆ తర్వాతి కథ. పంతొమ్మిదో శతాబ్దానికి వ్యాపారమంతా రెండుమూడు పెద్ద కుటుంబాల చేతికి వెళ్లింది. ఒక ఇంట్లో మెడలు, ఇంకో ఇంట్లో వీపుచెక్కలు, ముక్కకింత అని కూలి. సరుకు ఇంగ్లండుకీ రష్యాకీ అమెరికాకీ పోయేది, పేరూ లాభమూ వర్తకుడివి. చూస్తూ చూస్తూ మన కోశాధికారి గారు, “ఇది మా మంగళగిరి కదండీ” అన్నారు. వాళ్లది మగ్గం ఇల్లు. మాస్టర్ వీవర్ నూలిస్తాడు, నేసినదానికి కూలిస్తాడు, చీర మీద నేసినవాడి ఊసుండదు. ఫిడేళ్ల ఊరు అనగానే కళాకారుల ఊరు అనుకుంటాం, ఇక్కడ ఎక్కువమంది కూలీలే. పనితనం పడిపోతోందనే 1858లో బవేరియా రాజు రెండో మాక్సిమిలియన్ ఫిడేళ్ల తయారీ బడి పెట్టించాడు. ఆ బడి ఇప్పటికీ ఉంది, ఎక్కడెక్కడి నుంచో వచ్చి నేర్చుకుంటారు. నాలుగేళ్లకోసారి ఫిడేళ్ల తయారీలో అంతర్జాతీయ పోటీ కూడా జరుగుతుంది.

రెండో ప్రయాణం ఫిబ్రవరిలో, ‘తిక్క గురువారం’ నాడు. ఈస్టర్‌కు ముందు క్రైస్తవుల నలభై రోజుల ఉపవాసాలు మొదలయ్యే ముందు వచ్చే గురువారం అది. మధ్యాహ్నం పన్నెండుకు గంటలవాళ్లు బయల్దేరతారు. మన గ్రూప్ టికెట్టేమో పనిదినాల్లో ఉదయం తొమ్మిది తర్వాతే చెల్లుతుంది. స్టేషన్ నుంచి పరుగెత్తి చేరేసరికి చర్చి గంట మోగుతోంది. కొయ్య ముసుగులు తొడుక్కున్న మగవాళ్లు నడుముకు బిందెలంత ఆవుల గంటలు కట్టుకుని, అందరూ ఒక్క లెక్కన ఎగురుతూ వచ్చారు. ఆ మోత చెవికి కాదు, కడుపులో తగులుతుంది. చలికాలాన్ని తరిమెయ్యడానికట. ముసుగు వెనక ఎవరున్నారో ఎవరూ చెప్పకూడదు, అడగకూడదు. మన చిన్నపిల్లలు ఇద్దరు ఏడుపు లంకించుకుంటే, ఒక ముసుగాయన మోకాళ్ల మీద వంగి తన గంటను వాళ్ల చేత మోగించాడు. పులివేషాలు గుర్తొచ్చాయన్నారు చాలామంది. నాకైతే పులి మేలనిపించింది, కనీసం ముఖం కనిపిస్తుంది.

జూన్‌లో మూడోసారి. ఊరి ఉత్తరాన గుబ్బల మైదానాలున్నాయి, మంచుయుగం తర్వాత నేల అలా అలలు తేలిపోయిందట. పెద్ద యంత్రాలు తిరగవు, ఏడాదికి ఒక్కసారే కోస్తారు, ఎరువు వేయరు. అందుకే నీలం జెన్షియన్ పూలు అక్కడ మిగిలాయి. యంత్రాల కోసం గత శతాబ్దంలో చాలాచోట్ల చదును చేసేశారు, ఆ చోట్ల ఉత్త గడ్డే ఉంది. పెరుగన్నం అక్కడే తిన్నాం. అందరూ చెత్త తిరిగి సంచిలో వేసుకొచ్చినందుకు కార్యవర్గం తరఫున ధన్యవాదాలు.

ఆ రోజు చిన్న వాదన కూడా జరిగింది, దాచడమెందుకు. ఊరి పైన హోయర్ బ్రెండ్‌టెన్ అనే కొండ మీద జర్మన్ పర్వత సైనికుల స్మారకం ఉంది, 1957లో కట్టింది. ఏటా అక్కడ మాజీ సైనికుల సభ జరిగేది. ఆ దళాలే రెండో ప్రపంచ యుద్ధంలో, 1943లో, గ్రీసులో కొమ్మెనో గ్రామంలో 317 మందిని చంపాయనీ, కెఫలోనియా దీవిలో లొంగిపోయిన ఇటలీ సైనికులను కాల్చాయనీ గుర్తుచేస్తూ 2002 నుంచి అక్కడ నిరసనలు జరిగాయి. పిల్లలతో వచ్చాం, ఇవెందుకు అని కొందరన్నారు. ఊరి ఫిడేళ్ల కథ చెప్పి ఇది చెప్పకపోతే సగం చెప్పినట్టే అన్నది నా అభిప్రాయం. పెద్దపిల్లలకు చెప్పాం.

నాలుగు ప్రయాణాల్లోనూ నేను గమనించింది ఇంకొకటి, ఊరి సంఘాలు. బ్యాండ్ మేళానికో సంఘం, పాత వేషధారణకో సంఘం. మంటలార్పేది కూడా జీతం లేని స్వచ్ఛంద దళమే. సైరన్ మోగితే దుకాణం కట్టేసి పరుగెత్తేవాళ్లే. జర్మనీలో సంఘం రిజిస్టర్ చేయడానికి ఏడుగురు చాలు. మనకు ఏడుగురికన్నా చాలా ఎక్కువమందే ఉన్నారు, దసరా అయ్యాక కుర్చీలు సర్దడానికి మాత్రం నలుగురం.

మిగతావి క్లుప్తంగా. ఉగాది హాలు ఆర్నెల్ల ముందు కాదు కదా ఆరు వారాల ముందు కూడా దొరకలేదు. ఆఖరికి ఒక చర్చి వాళ్ల హాలు దొరికింది. వేపపువ్వు కర్నూలు నుంచి ఎండబెట్టి తెచ్చిన సభ్యురాలికి కృతజ్ఞతలు. బతుకమ్మకు తంగేడు లేక చామంతులతోనే పేర్చాం, బాగా వచ్చింది. తెలుగు బడి నెలకు రెండుసార్లు నడుస్తోంది, టీచర్లు చాలడం లేదు.

లెక్కలు ఇద్దరు సభ్యులు తనిఖీ చేసి సంతకం పెట్టారు. రైలు టికెట్ల వల్ల ఈసారి నిల్వ కొంచెం తగ్గింది. పద్దు పుస్తకం సమావేశంలో బల్ల మీద ఉంటుంది, ఎవరైనా చూడొచ్చు. నా ఫిడేలు రిపేరు ఖర్చు సంఘం ఖాతాలో లేదని, అడిగిన వారికోసం, స్పష్టంగా రాస్తున్నాను.

వచ్చే ఏడాది ఏ ఊరన్నది సమావేశంలో తేల్చాలి. చందా ఇంకా కట్టనివాళ్లు ఆలోపు కట్టగలరు. సెప్టెంబర్‌లో తిరుగు రైల్లో ఎవరో మూడంతస్తుల స్టీలు క్యారియర్ మరిచిపోయారు. మూత మీద ‘లక్ష్మి’ అని చెక్కి ఉంది. మన సంఘంలో లక్ష్ములు ఐదుగురు, ఐదుగురూ తమది కాదంటున్నారు. క్యారియర్ మా ఇంట్లో ఉంది.

ఇట్లు,
కార్యదర్శి